చెరువు ఎండినప్పుడే కట్టను చూడాలి
చిన్న కుంటల తనిఖీ ఎవరి బాధ్యత?

రాయలసీమలో చెరువు నిండితే ఊరంతా పండుగే. మరవ పారిన రోజున గంగమ్మకు టెంకాయ కొట్టి, పసుపు కుంకుమ చల్లి, పిల్లాజెల్లా కట్ట మీదికి చేరతారు. అయితే అలా చేరినవారిలో, అంతకు ముందు వేసవిలో ఆ కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారైనా నడిచి చూసినవారు ఎందరు? చాలా గ్రామాలలో దీనికి సమాధానం లేదు.

కర్నూలు, కడప సీమలలో చెరువులు ఏటా నిండవు. రెండేళ్లు, మూడేళ్లు, ఒక్కోచోట అంతకు మించి ఎండి వుంటాయి. ఎండిన చెరువు వల్ల ప్రమాదమేమిటని అందరూ అనుకుంటారు. నిజానికి కట్ట చెడేది ఆ కాలంలోనే. నల్లరేగడి కట్ట ఎండకు నెర్రెలు విచ్చుతుంది. కంపచెట్లు వేళ్లు దించుతాయి. ఎలుకలు, పందికొక్కులు బొక్కలు పెడతాయి. ఆ తర్వాత ఒక వాయుగుండం వచ్చి, ఒక్క రాత్రిలో చెరువు నిండుతుంది. మూడేళ్లుగా ఎవరూ చూడని కట్టకు ఆ రాత్రే పరీక్ష.

2021 నవంబరు మరిచిపోలేదు

ఆ పరీక్ష ఎలా వుంటుందో అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంత ప్రజలు కళ్లారా చూశారు. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి నాటి తెల్లవారుజామున, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. దానికి పైన వున్న పింఛా ప్రాజెక్టు కట్ట ముందే తెగి, ఆ నీరు కూడా కిందికి వచ్చిపడింది. ప్రాజెక్టు గేట్లు వదలగలిగిన నీటికంటే వచ్చిన వరద చాలా ఎక్కువ. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు గ్రామాలు దెబ్బతిన్నాయి. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. పశువులు కొట్టుకుపోయాయి, పొలాలలో ఇసుక మేట వేసింది.

ఇంజనీర్లు, గేట్లు, కాపలా వున్న ప్రాజెక్టుకే ఆ గతి పట్టింది. ఇంజనీరు ముఖం చూడని ఊరి కుంటల సంగతి ఆలోచించవలసి వుంది.

చట్టం పెద్ద డ్యాములకే

ఆ విపత్తు జరిగిన నెలరోజులకే, 2021 డిసెంబరులో, కేంద్ర డ్యాం భద్రతా చట్టం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి డ్యాములను తనిఖీ చేయాలి. వరదలు, భూకంపాలు వచ్చినప్పుడూ చూడాలి. అయితే ఈ చట్టం 15 మీటర్లకు మించి ఎత్తున్న డ్యాములకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఎత్తున్న వాటిలో, పొడవు, నీటి నిల్వ వంటి కొన్ని షరతులకు లోబడినవే దీని కిందికి వస్తాయి. పది మీటర్లంటే దాదాపు 33 అడుగులు. మన ఊళ్ల కుంటల కట్టలు పది అడుగులో, పదిహేను అడుగులో వుంటాయి. చట్టం దృష్టిలో అవి డ్యాములే కావు.

వంద ఎకరాలకు పైగా ఆయకట్టు వున్న చెరువులు నీటిపారుదల శాఖవి, అంతకు తక్కువవి పంచాయతీ పరిధిలోవి అనేది చాలాకాలం నడిచిన విభజన. ఈ రెంటిలోనూ చేరనివి మరికొన్ని వున్నాయి. పట్టా భూమిలో సొంత ఖర్చుతో వంకకు అడ్డంగా వేసుకున్న కుంటలు, చేపల కోసం కట్టలు ఎత్తుచేసిన గుంటలు, తోటలకు నీళ్లు నిల్వ చేసే కుంటలు ఇవి. వీటికి యజమానే ఇంజనీరు, యజమానే కాపలాదారు. నీరు మాత్రం పట్టా పాసుపుస్తకం చూసి ఆగదు. కట్ట తెగితే ముందు మునిగేది కింది రైతు మడి, ఆ తర్వాత వంక పక్కనున్న ఇళ్లు.

మన చెరువులు చాలాచోట్ల గొలుసుకట్టుగా వుంటాయి. పై చెరువు మరవ నీరే కింది చెరువుకు ఆధారం. పై కుంటకు గండి పడితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. చిన్న కుంటే కదా అని తీసిపారేయడానికి వీలులేనిది ఇందుకే.

650 ఏళ్ల కిందటి పాఠం

ఈ విషయంలో మనకు పరాయి పాఠాలు అవసరం లేదు. పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి దాని శాసనంలో, రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లతో రెండేళ్లు పని జరిగినట్లు వుంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు, చెరువుకు వుండరాని ఆరు దోషాలు కూడా అందులో చెక్కించారు. 2020లో ఈ చెరువుకు ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది.

ఆ ఆరు దోషాలలో మొదటిది, కట్టలోంచి నీరు ఊరడం. చివరిది, చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం. నేటి ఇంజనీర్లను అడిగినా మట్టికట్టలు తెగడానికి ముఖ్యంగా ఈ రెండు కారణాలే చెబుతారు. ఊట కట్టను లోపల నుంచి తొలుస్తుంది. మరవ చాలక నీరు కట్ట నెత్తి మీదుగా పొర్లితే పై నుంచి కోసేస్తుంది.

చూసేవారికి కూడా పూర్వం ఏర్పాటు వుండేది. మన సీమలో చెరువు కట్టించినవారికో, మరమ్మతు చేసేవారికో దశబంధం ఇనాము ఇచ్చేవారు. చెరువును బాగుగా వుంచినంతకాలమే ఆ ఇనాము. గ్రామస్తులంతా కలిసి పూడిక తీసి, కట్టకు మన్ను వేసే కుడిమరామత్తు వుండేది. తూము ఎత్తి దించే నీరుగంటి రోజూ కట్ట మీద తిరిగేవాడు గనుక ఎక్కడ తడి కనిపించినా ముందుగా తెలిసేది. ఇనాములు పోయాయి, కుడిమరామత్తు పోయింది, నీరుగంటి చాలా ఊళ్లలో పేరుకే మిగిలాడు. వారు చేసిన పని మాత్రం ఇంకా చేయవలసే వుంది.

కార్వేటినగరం జమీందారు కేసు

సొంత చెరువు తెగి ఇతరులకు నష్టం జరిగితే బాధ్యత ఎవరిదన్న తగవు కొత్తది కాదు. కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వర్షాలకు తెగి, మద్రాసు రైల్వే కంపెనీ లైను దెబ్బతిన్నది. కంపెనీ నష్టపరిహారం కోసం దావా వేసింది. అది లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి, 1874లో తీర్పు వచ్చింది. ఈ దేశంలో చెరువులు పూర్వం నుంచి వున్నవి, అవి లేకపోతే సేద్యం లేదు, వాటిని కాపాడటం జమీందారు విధి అని కౌన్సిల్ చెప్పింది. కనుక అజాగ్రత్త రుజువైతే తప్ప ఆయన నష్టం చెల్లించనక్కరలేదని తేల్చింది. జమీందారు గెలిచాడు.

ఈ తీర్పులో కుంట యజమానులు గమనించవలసింది ఒకటి వుంది. చెరువు తెగిందా లేదా అన్నది కాదు, దానిని జాగ్రత్తగా చూసుకున్నాడా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. ఈనాడు సొంత లాభానికి కొత్తగా కుంట వేసుకున్నవారికి ఆ పాత చెరువుల వాదన అంతగా పనికివస్తుందని అనుకోలేము. ఏటా కట్ట చూశాను, ఫలానా చోట మరమ్మతు చేయించాను అని చూపగలిగినవాడికే ధైర్యం.

ఏమి చూడాలి?

తనిఖీకి పెద్ద చదువు అక్కరలేదు. మే నెలలో, చెరువు ఎండివున్నప్పుడు, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పూట నడిస్తే చాలు.

కట్ట నెత్తి: ఎక్కడైనా కుంగిందేమో చూడాలి. ట్రాక్టర్లు, బండ్లు దాటే చోట పల్లం పడుతుంది. వరద నీరు ముందుగా పొర్లేది అక్కడే. కట్ట నెత్తి మరవ గడప కంటే కనీసం మూడడుగులు ఎత్తుండటం మంచిది. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో ఈ తేడా తేలికగా కొలవవచ్చు.

నెర్రెలు: కట్ట పొడవునా వున్న నెర్రె కంటే, కట్టకు అడ్డంగా లోపలి నుంచి బయటికి పోయే నెర్రె ప్రమాదం. అది నీటికి దారి. పైన రెండు తట్టల మన్ను పోసి మూస్తే చాలదు. నెర్రె అడుగుదాకా తవ్వి, తడిమన్ను పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి. ఎలుక బొక్కలకూ ఇదే పద్ధతి.

కంపచెట్లు: చెట్టును పైకి నరికి వదిలేస్తే లోపలి వేరు కుళ్లి గొట్టంలా ఖాళీ పడుతుంది. చెరువు ఎండినప్పుడు వేరుతో సహా తీసి, గుంత పూడ్చి గట్టిచేయాలి. నీళ్లున్నప్పుడు పెద్ద చెట్లను పెకిలించరాదు.

కట్ట పాదం: ఇటుకల కోసమో, పొలాలకు పూడిక మన్ను కోసమో జేసీబీతో కట్ట పాదం దగ్గర తవ్వితే కట్టకు కాలు తీసినట్టే. తవ్వకం ఎప్పుడూ కట్టకు దూరంగా జరగాలి. బయటి పాదం దగ్గర ఎండాకాలంలోనూ పచ్చగా తుంగ మొలిచిన చోటుంటే, నీళ్లున్నప్పుడు అక్కడ ఊట వుండేదని గుర్తు.

తూము: తూము రాళ్ల పక్కన మన్ను జారిందేమో చూడాలి. రాతికీ మట్టికీ మధ్య సందు ఏర్పడితే నీరు దానిని వెంబడించి పోతుంది.

మరవ: అన్నిటికంటే ముఖ్యం ఇది. ఎక్కువ నీళ్లు నిలవాలని మరవ మీద ఇసుక బస్తాలు పేర్చడం, చేపలు పోకుండా వలలు కట్టడం చాలాచోట్ల జరుగుతున్నది. వరదలో కంప, చెత్త వచ్చి ఆ వలకు అడ్డం పడితే మరవ మూసినట్టే. అప్పుడు నీటికి కట్ట నెత్తి తప్ప వేరే దారి లేదు. మరవ కింది వంకను కలుపుకుని మడి కట్టుకున్నవారు కూడా ఊరికి ఇదే కీడు చేస్తున్నారు.

వరద రాత్రి

చెరువు నిండినప్పుడు రాత్రీ పగలూ కట్టను కనిపెట్టి వుండాలి. బయటి వాలులో తేటనీరు కొద్దిగా ఊరితే గుర్తు పెట్టుకుని గమనించాలి. ఆ నీరు బురదగా మారితే కట్ట మన్ను కొట్టుకుపోతున్నదని అర్థం. అప్పుడు బయటివైపు బంకమన్ను అద్ది ఊటను మూయాలని చూడరాదు. నీరు వేరొకచోట పగులుతుంది. ఊట మీద ముందు ఇసుక, దాని మీద కంకర, ఆ పైన రాళ్లు వేస్తే నీరు బయటికి పోతుంది, మన్ను లోపలే ఆగుతుంది. దీనికంటే ముందు చేయవలసినది కింది ఇళ్లవారిని లేపడం, తహసీల్దారు కార్యాలయానికి కబురు పెట్టడం. కట్టను మనంతట మనమే కోయడం మాత్రం కూడదు. కోసిన గండి మన మాట వినదు.

గ్రామ సభలో ఒక పుస్తకం పెట్టి, ఊరిలోని ప్రతి చెరువు, ప్రతి సొంత కుంట పేరు రాసి, ఏటా వేసవిలో ఎవరు చూశారు, ఏమి కనిపించింది, ఏమి చేశారు అని నాలుగు ముక్కలు రాయడం కష్టమైన పని కాదు. కుంట యజమానితో పాటు, ఆ కుంట కింద పొలమున్న రైతు కూడా ఆ నడకలో వుండాలి. లాభం ఒకరిదైనా ప్రమాదం ఇద్దరిదీ. సర్పంచులు, నీటి సంఘాల పెద్దలు ఈ వేసవిలోనే దీనికి పూనుకోవడం అవసరం. వాయుగుండం ముందుగా ఉత్తరం రాసి రాదు.