ఫొటోకూ బరువుంటుంది

నాంపల్లి నుమాయిష్ తెలియనివాళ్లు తక్కువ. అది 1938లో మొదలైంది. ఏటా జనవరిలో మొదలై సుమారు నెలన్నర జరుగుతుంది.

ఒక మహిళా సంఘం వాళ్లు అక్కడ పచ్చళ్లు అమ్మారనుకోండి. బేరం బాగా సాగింది. నుమాయిష్ అయిపోయాక ఎలా? ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్ పెట్టారు. అదీ దుకాణం లాంటిదే. జనం ఫోనులో ఫొటోలు చూసి సరుకు కొంటారు.

కానీ పేజీ తొందరగా తెరుచుకోవడం లేదు. చూసేవాళ్లు విసిగి వెళ్లిపోతున్నారు. బేరం పోతోంది. కారణం? ఫొటోల బరువు.

ఫొటోకు బరువేమిటి?

ముగ్గుకు చుక్కలు పెడతాం కదా! ఫొటో కూడా చుక్కలతోనే తయారవుతుంది. అవి చాలా చిన్న రంగు చుక్కలు. ఒక్క ఫొటోలో కోటికి పైగా ఉండవచ్చు. ఒక్కో చుక్క రంగునూ ఫోను అంకెల్లో రాసుకుంటుంది. ఆ రాత ఎంత ఎక్కువైతే ఫొటో అంత బరువు. బియ్యాన్ని కిలోల్లో తూస్తారు. ఫొటోను కేబీల్లో, ఎంబీల్లో కొలుస్తారు. సుమారు 1,000 కేబీలు ఒక ఎంబీ.

లెక్క వేద్దాం

4 ఎంబీల ఫొటోలు నాలుగు ఉంటే మొత్తం 16 ఎంబీలు. ఒక ఎంబీకి 8 సెకన్లు పడితే, అన్నీ రావడానికి 2 నిమిషాలు దాటుతుంది. ఒక్కో ఫొటోను 100 కేబీలకు తగ్గిస్తే? 4 సెకన్లలోపే వస్తాయి! చూసేవాళ్లకు డేటా ఖర్చూ తగ్గుతుంది.

ఎలా తగ్గిస్తారు?

ఒకటి, చుక్కలు తగ్గిస్తారు. వరుసకు 4,000 చుక్కల చొప్పున 3,000 వరుసలుంటే, మొత్తం 1 కోటి 20 లక్షలు. వరుసకు 800 చొప్పున 600 వరుసలు చేస్తే 4 లక్షల 80 వేలే.

రెండు, రాత తగ్గిస్తారు. 1992లో వచ్చిన జేపెగ్ పద్ధతి ఈ పని చేస్తుంది. కంటికి ఆనని చిన్న తేడాలను వదిలేస్తుంది. దీని వెనకున్న లెక్కను నాసిర్ అహ్మద్, నటరాజన్, కె.ఆర్. రావు 1974లో ప్రకటించారు. నాసిర్ అహ్మద్ పుట్టింది బెంగళూరులో.

జాగ్రత్తలు

అసలు ఫొటోను దాచుకోవాలి. నకలునే తగ్గించాలి. మరీ తగ్గిస్తే ఫొటో మసకబారుతుంది. సీసా మీది పేరు చదవగలగాలి.

ఈ పని ఫోనులోనే చేసుకోవచ్చు. లేదా అబిడ్స్, నాంపల్లి లాంటి చోట ఇంటర్నెట్ సెంటర్‌లో చేయించుకోవచ్చు. "ఎన్ని కేబీలు ఉంది?" అని అడగాలి. వాళ్లు చెప్పింది విని ఊరుకోకూడదు. తెర మీది అంకెను స్వయంగా చదవాలి. నేర్చుకున్న చదువు అక్కరకు వచ్చేది ఇక్కడే!