ఉక్కు చిట్టెం ఏ వరి చేలకు మేలు చేస్తుంది?

కరిగిన ఇనుము ఉక్కుగా మారే సమయంలో మలినాలు పైకి తేలి ముద్దగా గట్టిపడతాయి. పరిశ్రమ దీనిని స్లాగ్ అంటుంది. తెలుగులో దీని పాత పేరు చిట్టెం. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మితమై, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను వెలిగించిన భిలాయి ఉక్కు కర్మాగారానికి ఈ చిట్టెం కొత్త కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ చిట్టెం సిమెంటు తయారీకి పోతుంది. చిక్కంతా ఉక్కు కన్వర్టర్ల నుంచి వెలువడే ఎల్.డి. స్లాగ్‌తోనే. టన్ను ఉక్కుకు సుమారు 150 నుంచి 200 కిలోల వరకు వచ్చే ఈ పదార్థంలో కలవని సున్నం మిగిలి ఉంటుంది. తడి తగిలితే అది ఉబ్బుతుంది కనుక నిర్మాణ రంగం దీనిని జంకుతూనే వాడుతుంది.

కర్మాగారానికి బరువైన ఆ సున్నమే పుల్లబారిన నేలకు మందు. ఎల్.డి. స్లాగ్‌లో కాల్షియం ఆక్సైడ్ 40 నుంచి 50 శాతం వరకు ఉంటుంది; సిలికా, మెగ్నీషియం, కొద్దిపాటి భాస్వరం కూడా ఉంటాయి. ఉక్కులో భాస్వరం దోషం, పైరుకు అదే ఆహారం. ఐరోపా రైతులు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే థామస్ స్లాగ్‌ను ఎరువుగా చల్లారు. జపాన్ 1955లోనే సిలికేట్ చిట్టెాన్ని వరి ఎరువుగా గుర్తించింది.

వరికి సిలికాతో ఉన్న అనుబంధం తక్కిన పైర్లలో అరుదు. హెక్టారుకు 5 టన్నుల ధాన్యం పండించే వరి నేల నుంచి 230 నుంచి 470 కిలోల సిలికాన్‌ను తీసుకుంటుందని అంచనా. నీటితోపాటు వేరు నుంచి పైకెక్కిన సిలికా ఆకు పైపొర కింద పేరుకుని గట్టిపడుతుంది. కాండం తొలుచు పురుగు పిల్ల దానిని కొరికేటప్పుడు దవడలు అరుగుతాయి; లోపలికి చొరబడడానికి ఎక్కువ సమయం పడుతుంది. అంతసేపూ అది సాలెపురుగులకు, పురుగుమందుకు అందుబాటులో ఉంటుంది. అగ్గితెగులు శిలీంధ్రానికీ ఈ పొర అడ్డుగోడే. యూరియా మోతాదు మించితే జరిగేది దీనికి సరిగ్గా విరుద్ధం: ఆకు మెత్తబడి పురుగును పిలుస్తుంది.

అయినా సిలికా ఒక్కటే సస్యరక్షణ కాదు. సమగ్ర సస్యరక్షణలో అది ఒక మెట్టు మాత్రమే. ఛత్తీస్‌గఢ్‌ను ఏళ్లుగా వేధిస్తున్న ఉల్లికోడుకు తట్టుకునే వంగడమే ప్రధానం. నాటే ముందు నారు కొనలు తుంచితే కాండం తొలుచు పురుగు గుడ్లు పోతాయి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు సోకి సుడిదోమ తగ్గుతుంది. దుబ్బుకు 10 నుంచి 15 దోమలు కనిపించే వరకు మందు జోలికి పోనక్కరలేదు. సింథటిక్ పైరిత్రాయిడ్లను తొందరపడి చల్లితే మిత్రకీటకాలు చచ్చి దోమ మరింత పెరుగుతుంది. ఇది తెలుగు రైతులకూ అనుభవమే.

ఇక అసలు ప్రశ్న: చిట్టెం ఎక్కడ వేయాలి? భిలాయి చుట్టూ ఉన్న దుర్గ్ జిల్లాలో కన్హార్ అని పిలిచే నల్లరేగడి విస్తారంగా ఉంది. అది ఆమ్ల నేల కాదు. అక్కడ సున్నం అదనంగా పడితే జింకు, ఇనుము పైరుకు అందకుండా పోతాయి. చిట్టెం అవసరమైనవి బస్తర్‌లో మర్హాన్, టిక్రా అనే మెట్ట భూములు, ఉత్తరాన సర్గుజా ఎర్ర నేలలు. ఉదజని సూచిక 5.5 కంటే తగ్గిన చోట అల్యూమినియం కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది, భాస్వరం బిగుసుకుపోతుంది. దేశంలో ఇంతటి ఆమ్లత్వం ఉన్న భూమి సుమారు 2.5 కోట్ల హెక్టార్లు.

అంటే, మందు దొరికే చోట రోగం లేదు; రోగం ఉన్న జగదల్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. చిట్టెాన్ని మెత్తగా నూరకపోతే నేలలో పని చేయదు. నూర్పిడి, రవాణా ఖర్చులు చిన్న రైతు భరించగలిగేవి కావు. ధర ఎవరు మోస్తారన్నది తేలనిదే ప్రయోగశాల ఫలితం పొలం గట్టు దాటదు.

మరో జాగ్రత్త కూడా ఉంది. చిట్టెంలో క్రోమియం, వెనేడియం వంటి లోహాలు ఉంటాయి. ప్రతి విడత చిట్టెాన్నీ పరీక్షించాలి. ఏళ్ల తరబడి వాడే నేలలో, గింజలో వాటి నిల్వను గమనిస్తూ ఉండాలి. యూరియాతో కలిపి చల్లితే నత్రజని వాయువై పోతుంది కనుక రెండింటి మధ్య కొన్ని వారాల ఎడం అవసరం. మోతాదును మట్టి పరీక్షే నిర్ణయిస్తుంది. ఖరీఫ్‌కు ముందు, ఎరువులేవీ చల్లని పొలం నుంచి నమూనా తీసి ఇవ్వాలి.