హైదరాబాద్ టు శాన్‌ఫ్రాన్సిస్కో: టికెట్‌లో 9 గంటలు, నిజంగా 21న్నర గంటలు

పోయిన మే నెలలో అమ్మ మొదటిసారి ఒంటరిగా అక్క దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లింది. వయా దుబాయ్. పద్మారావు నగర్‌లో క్యాబ్ ఎక్కే ముందే నేను గూగుల్ క్యాలెండర్‌లో "అమ్మ ల్యాండింగ్, మధ్యాహ్నం 1:30" అని ఈవెంట్ పెట్టి అక్కకి షేర్ చేశా. కాసేపటికి అక్క ఫోన్: "ఒరేయ్, అమ్మ అర్ధరాత్రి ఒంటిగంటకి దిగుతుందా? మధ్యాహ్నం అన్నావ్ కదరా!"

తప్పు నాదే. టికెట్‌లో ప్రతి టైమూ ఆ ఊరి లోకల్ టైమే. నా ఫోన్ మాత్రం 1:30ని ఇండియా టైమ్ అనుకుంది. వేసవిలో అక్కడికీ మనకీ తేడా 12న్నర గంటలు కాబట్టి అక్క ఫోన్‌లో అది రాత్రి 1:00 అయిపోయింది. ఆ టైమ్‌కి అమ్మ దుబాయ్ దాటి మూడున్నర గంటలే! ఈవెంట్ పెట్టేటప్పుడు టైమ్ పక్కనే టైమ్ జోన్ ఆప్షన్ ఉంటుంది. బీటెక్ చదివి, రోజూ కోడ్ రాసే నేనే దాన్ని వదిలేశా.

ఉదయం 4:30కి బయల్దేరి అదే రోజు మధ్యాహ్నం 1:30కి దిగడమంటే చూడ్డానికి 9 గంటలు. దానికి 12:30 కలపండి, 21న్నర.

మరి దూరం? రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని హావర్‌సైన్ ఫార్ములాతో పైథాన్‌లో లెక్కేస్తే సుమారు 13,500 కిలోమీటర్లు వచ్చింది. గంటకి 900 చొప్పున 15 గంటలు. కానీ దుబాయ్ మీదుగా అయితే 2,550 ప్లస్ 13,000, అంటే దాదాపు రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ. పైగా టికెట్‌లో చూపించేది గేటు నుంచి గేటు వరకు పట్టే టైమ్. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం, ఎదురుగాలి అన్నీ అందులోనే. దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ గంటన్నర ఆగడం, తర్వాత 16 గంటలు. (భూమి తిరుగుతుంది కాబట్టి పడమటికి వెళ్లే విమానం తొందరగా చేరాలి కదా అని మా ఫ్రెండ్ ఒకడి వాదన. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది బాబూ!)

నాకు బాగా నచ్చింది రూట్. ఫోన్‌లో మ్యాప్ చూస్తే దుబాయ్ నుంచి అట్లాంటిక్ మీదుగా పడమటికే వెళ్లాలనిపిస్తుంది. గ్లోబు మీద దారం లాగి చూడండి. దుబాయ్ 55 డిగ్రీల తూర్పు, శాన్‌ఫ్రాన్సిస్కో 122 పడమర, దాదాపు భూమికి ఆ పక్క ఈ పక్క. అందుకే అతి దగ్గర దారి ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. అసలు రూట్ గాలుల్ని బట్టి, మూసేసిన గగనతలాల్ని బట్టి రోజూ కొంచెం మారుతుంది.

ఫ్లైట్‌రాడార్24లో చూస్తుంటే మధ్యలో ట్రాక్ తెగితే కంగారు పడకండి. విమానం పంపే ఏడీఎస్-బీ సిగ్నల్‌ని పట్టుకునే రిసీవర్లు ఎక్కువగా నేల మీదే ఉంటాయి, ధ్రువం దగ్గర పెట్టేదెవరు? ఈ సంగతి నాకు ముందే తెలుసు. అయినా ఆ రాత్రి పదే పదే రిఫ్రెష్ కొడుతూనే ఉన్నా.

అమ్మ రిటర్న్ నవంబర్‌లో. ఆ నెల మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, తేడా 13న్నర అవుతుంది. ఆ ఈవెంట్ అక్కే పెట్టింది.