పడకగది కాకిలెక్కలు

సర్వేవాళ్లు వచ్చి 'మీ ఇంట్లో ఎంతమంది?' అంటే ఠక్కున చెప్పేస్తాం. 'మీ జీవితంలో ఎంతమంది?' అంటే? అక్కడే మొదలవుతుంది అసలు వినోదం!

మీకు తెలుసా? బ్రిటన్‌లో 2010-12 మధ్య జరిగిన జాతీయ లైంగిక సర్వే 'నాట్సల్' 15 వేల మందికి పైగా జనాన్ని ఈ ప్రశ్న అడిగింది. స్త్రీలతో సంబంధాల గురించి మగవాళ్లు చెప్పిన సగటు 14. మగవాళ్లతో సంబంధాల గురించి స్త్రీలు చెప్పిన సగటు 7. అయ్యా, ఒక మగవాడి లెక్కలో ఒకరు పెరిగితే ఎక్కడో ఒక స్త్రీ లెక్కలోనూ ఒకరు పెరగాలి కదా! ఇద్దరి సంఖ్యా ఇంచుమించు సమానంగా ఉన్న దేశంలో సగటులూ ఇంచుమించు కలవాలి. మరి ఆ మిగిలిన ఏడుగురూ ఏ ఊరినుంచి వచ్చారు?

వాళ్లకోసం పరిశోధకులు నిజంగానే వెతికారు, 2018లో ఫలితం చెప్పారు. కొందరు మగవాళ్లు '110 మంది, ఆపైన' అన్నారు. అలాంటివాళ్లు వందకు ఒక్కరే, కానీ సగటును అమాంతం పైకి లాగేశారు. పైగా ఒక్కొక్కరినీ గుర్తుచేసుకుని లెక్కపెట్టకుండా 'ఓ ఇరవై ఉంటారేమో' అని ఉజ్జాయింపుగా చెప్పే అలవాటు మగవాళ్లకే ఎక్కువ. ఇలాంటివన్నీ సర్దితే ఏడుగురి తేడా మూడు లోపుకు దిగింది. కోతలే కాదు, బద్ధకం కూడా!

ఇంకో కిటుకు మీకు తెలుసా? సర్వేలు ఇళ్ల తలుపులు తడతాయి. సెక్స్ వర్కర్ల దాకా సరిగ్గా చేరవు. అమెరికా లెక్కల్లో స్త్రీపురుషుల తేడాకు ఇదే ముఖ్య కారణమని 2000లో ఒక పరిశోధన తేల్చింది. మగవాళ్లంతా అబద్ధాలకోరులేనని తీర్పిచ్చేసినవాళ్లు కాస్త వెనక్కి తగ్గాలి!

పనిచేయని యంత్రం నిజం చెప్పిస్తుందని మీకు తెలుసా? 2003లో వెలువడిన ఒక అమెరికా ప్రయోగంలో కాలేజీ విద్యార్థుల్లో కొందరికి ఉత్తుత్తి లై డిటెక్టర్ తగిలించారు. తమ జవాబులు ఎవరైనా చూడొచ్చని భయపడ్డ అమ్మాయిలు చెప్పిన సగటు భాగస్వాములు 2.6. ఎవరూ చూడరన్న భరోసా ఉంటే 3.4. యంత్రం తగిలిస్తే 4.4! అబ్బాయిల అంకె పెద్దగా కదలనేలేదు. డొక్కు యంత్రానికి ఎంత మహిమ!

1992లో అమెరికాలో 3,432 మందితో చేసిన పెద్ద సర్వేలో ఏం జరిగిందో తెలుసా? 'గడిచిన ఏడాదిలో ఇద్దరు, అంతకుమించి' అని ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పినవాళ్లు 17 శాతం. పక్కన తమ భాగస్వామి ఉంటే 5 శాతం. శ్రీవారు పక్కన కూర్చున్నా, శ్రీమతి కూర్చున్నా ఏకపత్నీవ్రతాలే, పాతివ్రత్యాలే!

మనుషుల మొహమాటం సరే, ప్రభుత్వాల మొహమాటం మీకు తెలుసా? నాట్సల్ తొలి సర్వేకు ప్రభుత్వ నిధులను 1989లో థాచర్ సర్కారు ఆపేసింది. వెల్‌కమ్ ట్రస్ట్ డబ్బిచ్చి గట్టెక్కించింది. అటు అమెరికా సర్వేకూ సర్కారు సొమ్ము అందలేదు, ప్రైవేటు ఫౌండేషన్లే దిక్కయ్యాయి. అడగడానికే ఇంత సిగ్గయితే చెప్పడానికి ఉండదూ?

కండోమ్‌ల లెక్క విన్నారా? సర్వేల్లో చెప్పినదాన్నిబట్టి గుణిస్తే అమెరికా స్త్రీల జవాబుల ప్రకారం ఏటా 110 కోట్లు, పురుషుల ప్రకారం 160 కోట్లు వాడి ఉండాలి. అమ్ముడైనవి 60 కోట్లకు లోపే. ఇద్దరూ కలిసి దుకాణదారుణ్ని మోసం చేశారు!

మీకు తెలుసా? అమెరికాలో 7,870 మంది యువతులను ఏళ్ల తరబడి ప్రశ్నించిన సర్వేలో 45 మంది కన్యలుగానే గర్భం దాల్చామన్నారు. 2013లో ఓ వైద్య పత్రిక క్రిస్మస్ సంచికలో దీన్ని ప్రచురించింది. కుంతీదేవికి దుర్వాసుడి వరముంది. వీళ్లకు సర్వే ఫారమే వరం!

అదే సర్వేలో 'పెళ్లిదాకా బ్రహ్మచర్యమే' అని ప్రతిజ్ఞ చేసినవాళ్లను ఐదేళ్లయ్యాక కదిపితే 82 శాతం మంది 'ప్రతిజ్ఞా? మేమా?' అన్నారు. భీష్ముడు వింటే ఏమైపోను!

మన దేశం సంగతి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో జీవితకాల భాగస్వాముల సగటు పురుషులకు 2.1, స్త్రీలకు 1.7. రాజస్థాన్‌లో మాత్రం స్త్రీలకు 3.1, పురుషులకు 1.8. లెక్క తిరగబడింది! పత్రికలు పండగ చేసుకున్నాయి. కాకపోతే ఆ సర్వే కలిసిన స్త్రీలు ఏడు లక్షలకు పైగా ఉన్నా, ఈ ప్రశ్న అడిగింది లక్ష పైచిలుకు మందినే; పురుషులూ లక్ష చిల్లరే. ఒక్కో రాష్ట్రం వాటా ఇంకా తక్కువ. అంకె చిన్నదైన చోట కాస్త ఆగి చదవడం మేలు.

చివరిది మన ఇంటి ముచ్చటే. 2006-07లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో జరిగిన యువజన సర్వేలో, ముఖాముఖి ప్రశ్నలయ్యాక మళ్లీ ఒక చీటీ ఇచ్చారు. పెళ్లికి ముందు సెక్స్ ఉందో లేదో రాసి, కవరులో పెట్టి అంటించి ఇవ్వాలి. నోటి మాటా కవరు మాటా కలిపితే, అవునన్న యువకులు 15 శాతం, యువతులు 4 శాతం.

ఇప్పుడు ప్రశ్న మీకే: ఇంత తేడా ఎందుకు? కొందరికి ఒకరికి మించి ఉన్నారా? జోడీలో ఒకరి వయసు సర్వే పరిధి దాటిందా? కవరులోనూ బిడియం దూరిందా? జవాబు తోస్తే కవరులో పెట్టి అంటించి పంపండి. పేరు రాయక్కర్లేదు!