వల్లించడం వేరు, చదవడం వేరు

జూన్ రెండో వారంలో బడి గంట మోగుతుంది. ఏప్రిల్ చివరి వారంలో పుస్తకాల సంచి అటక ఎక్కుతుంది. ఈ మధ్యకాలంలో ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు ఏమి నేర్చుకున్నారని అడిగే తల్లిదండ్రులు తక్కువ. ‘పాసయ్యాడా?’ అని మాత్రం తప్పక అడుగుతారు. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చాక చిన్న తరగతుల్లో ఎవరినీ ఫెయిలు చేయడం లేదు గనుక ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ‘పాసయ్యాడు’ అనే వస్తుంది. మనం అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. బిడ్డకు చదవడం వచ్చిందా?

చదవడమన్నది ఒక్క ఏడాదిలో వచ్చేది కాదు. దానికి మెట్లున్నాయి. ఒకటో తరగతిలో అక్షరాలు, గుణింతాలు వస్తాయి. ముందు వల, పలక, పడవ వంటి మాటలు, తరువాత చేప, నీరు, కాలువ వంటి మాటలు. ఒత్తులు ఆ తరువాతి మెట్టు. కొల్లేటి బిడ్డ ‘ఏలూరు’ అన్న మాటను గుణింతాలతోనే చదివేస్తాడు. తన సొంత ‘కొల్లేరు’ను చదవాలంటే మాత్రం ఒత్తు రావాలి. మూడో తరగతికి వచ్చేసరికి లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ అచ్చులో చదివి తెలుసుకోవలసినవే. అంతవరకూ చదవడం నేర్చుకున్న బిడ్డ అక్కడినుంచి చదివి నేర్చుకోవాలి. ఆ మెట్టు ఎక్కలేనివాడు తరువాత అన్ని తరగతుల్లోనూ కూర్చుంటాడు గానీ పాఠం అతనికి అందదు.

మన విశ్వాసపు మాటలనే ఒకసారి చూడండి. ‘యేసు’ అన్న నామాన్ని గుణింతాలు వచ్చిన బిడ్డ చదవగలడు. ‘క్రీస్తు’ను చదవాలంటే రెండు సంయుక్తాక్షరాలు దాటాలి. ‘పాపం’ గుణింతంతోనే వస్తుంది. ‘పశ్చాత్తాపం’ రావాలంటే ఒత్తులు కావాలి. ప్రభువు, ప్రార్థన, విశ్వాసం, ప్రేమ అన్నీ అంతే. ఒత్తుల దగ్గర ఆగిపోయిన బిడ్డ సువార్త గుమ్మం దగ్గరే ఆగిపోయినట్లు. రెండో తరగతి పిల్లవాడి చదువు సంఘానికి సంబంధించిన విషయమేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

దేశంలో పరిస్థితి ఎలా ఉంది? గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే ఒకటుంది. దాని 2024 నివేదిక ప్రకారం ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతం. కరోనా తరువాత 2022లో అది 16.3 శాతానికి పడిపోయింది. ఇప్పుడు కొంత కోలుకుంది. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా వెనకే ఉన్నారు. మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క చేయడం రావాలని కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఒకటో తరగతి ముగిసేసరికి నాలుగైదు చిన్న మాటలున్న కొత్త వాక్యాన్ని చదవాలని, లెక్కల్లో 99 వరకు అంకెలు గుర్తుపట్టాలని అందులో పెట్టుకున్నారు. ‘కొత్త వాక్యం’ అన్న మాటను తల్లిదండ్రులు గమనించాలి. ముందే నోటికి వచ్చినదాన్ని అప్పజెబితే అది లెక్కలోకి రాదు.

మన సంఘాల్లో పిల్లలకు కంఠత వాక్యాల పోటీలు పెడతాం. ఏడేళ్ల పాప లేచి ఇరవై మూడవ కీర్తన తడబడకుండా చెబితే అందరం చప్పట్లు కొడతాం. అది మంచి అలవాటు. హృదయంలో దాచుకున్న వాక్యం కష్టకాలంలో నిలబెడుతుంది. అయితే అదే పాప చేతికి బైబిలు ఇచ్చి, ఆ కీర్తన మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటమ్మా అని అడిగితే చెప్పగలదా? చెప్పలేకపోతే ఆమెకు పాట వచ్చింది గానీ చదువు రాలేదన్నమాట. ఇంగ్లీషు రైమ్స్ విషయంలోనూ ఇంతే. 2020-21 నుంచి మన రాష్ట్రంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. రెండు పేజీలనూ బొమ్మ చూసి అప్పజెప్పే పిల్లలు లేకపోలేదు.

నెహెమ్యా గ్రంథంలో ఒక సంఘటన ఉంది. చెరనుండి తిరిగివచ్చిన ప్రజలు నీటి గుమ్మం ఎదుట కూడుకున్నారు. ఎజ్రా ధర్మశాస్త్రాన్ని తెల్లవారింది మొదలు మధ్యాహ్నం వరకు చదివాడు. లేవీయులు స్పష్టంగా చదివి, భావం వివరించి, జనులు గ్రహించేలా చేశారు (నెహెమ్యా 8:8). స్పష్టంగా చదవడం, అర్థం చెప్పడం, గ్రహించడం అనే ఈ మూడు పనులే నేటి బడిలో మంచి టీచరు చేసేవి. వాకిటి ద్వారబంధాల మీద ఆజ్ఞలు వ్రాసుకోమని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు (ద్వితీయోపదేశకాండము 6:9). ఇంట్లో చదవగలిగినవారు ఒక్కరైనా ఉంటేనే గదా గుమ్మం మీది వ్రాతకు ప్రయోజనం!

సండేస్కూలు పుట్టిందే చదవడం నేర్పడానికి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు, వారంలో ఆరు రోజులూ పనికి పోయే పేద పిల్లల్ని ఆదివారం కూర్చోబెట్టి అక్షరాలు నేర్పించాడు. వారికి చదువుకొనే పుస్తకం బైబిలే. మన ప్రాంతానికి వస్తే సి.ఎం.ఎస్. మిషనరీలు 1841లో మచిలీపట్నం చేరారు. 1854లో ఏలూరులో పని మొదలుపెట్టారు. ఆ తరువాత పల్లెల్లో పగలు పిల్లలకు పలక మీద అక్షరాలు దిద్దించి, సాయంత్రం అదే పాకలో ప్రార్థన జరిపించిన ఉపదేశకులు వచ్చారు. అక్షరం ముట్టనివ్వని రోజుల్లో మాలమాదిగ పేటల్లో ముందుగా చదివినవారు ఆ పాకల్లోనుంచే వచ్చారు. నేడు బైబిలు చేతబట్టుకొని గుడికి వస్తున్నామంటే ఆ పలకల పుణ్యమే.

కొల్లేటిలో చదువుకు అడ్డంకులు ప్రత్యేకమైనవి. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లన్నీ ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. పోవడం ఆలస్యమైతే లంక గ్రామాల దారులు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అదే జరిగింది. చేపల చెరువుల కాపలాకు, మేత వేయడానికి కుదిరిన కుటుంబాలు కొన్ని పిల్లలతో సహా గట్టు మీద గుడిసెల్లోనే మకాం పెడతాయి. పట్టుబడి రోజుల్లో పెద్దలు చీకటితోనే వెళ్తే చంటిబిడ్డను చూసుకోవడానికి ఆడపిల్ల ఇంట్లో ఉండిపోతుంది. చట్టం ప్రకారం ప్రాథమిక బడికి ఏడాదికి 200 పనిదినాలు ఉండాలి. నలభై రోజులు మానితే అయిదో వంతు చదువు పోయినట్టే. ఆ నలభై రోజులు ఒత్తులు నేర్పే రోజులే అయితే ఆ లోటు దానంతట అది పూడదు.

ఈ పిల్లలు తెలివితక్కువవారు కారు. శీలావతికీ బొచ్చెకూ తేడా చూపుతోనే చెబుతారు. ఆటపాక గూడబాతులు ఎప్పుడు గూళ్లు పెడతాయో వారికి తెలుసు. వారికి తెలిసినదాన్ని పుస్తకంతో కలిపే వంతెన చదవడమే. అది లేకపోతే రేపు తూకం చీటీ మీద ఏముందో, అప్పు కాగితం మీద ఏముందో మరొకరు చెబితే నమ్మవలసివస్తుంది.

కాబట్టి సంఘాలకు మా మనవి కొన్ని మాటల్లో. ప్రతి ఆదివారం సండేస్కూల్లో పది నిమిషాలు ఒక్కొక్క బిడ్డ చేత ఇంతకుముందు చూడని రెండు వాక్యాలు చదివించండి. తప్పు చదివితే నవ్వనివ్వకండి. వేసవిలో వి.బి.ఎస్. జరిపేటప్పుడు పాటలు, బొమ్మలతో పాటు చదువుకు ఒక గంట కేటాయించండి. గట్ల మీద మకాం ఉన్న కుటుంబాల పిల్లలు ఎందరో లెక్క వ్రాసుకోండి. ఆ పిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు చదివించే బాధ్యతను ఇంటరు, డిగ్రీ చదివే యౌవనస్థులకు అప్పగించండి. బడికి వెళ్లి టీచరుగారిని కలుసుకొని, మావాడు ఏ మెట్టు మీద ఉన్నాడండీ అని మర్యాదగా అడగండి. నెలలో ఎన్ని రోజులు హాజరయ్యాడో అడగండి.

చదువురాని తల్లులు, మాకేం తెలుస్తుంది అనుకోవద్దు. తిమోతి విశ్వాసానికి మూలం అమ్మమ్మ లోయి, తల్లి యునీకే అని పౌలు గుర్తుచేస్తాడు (2 తిమోతి 1:5). బాల్యం నుండి అతనికి లేఖనాలు తెలుసునని కూడా అంటాడు (2 తిమోతి 3:15). అమ్మా, గోడమీద వాక్యం క్యాలెండరు ఉందిగదా. పొయ్యి దగ్గర పని చేసుకుంటూనే, ఈ వేళ వాక్యం చదువు నాన్నా అని బిడ్డను అడుగు. చదివాక, దానికి అర్థమేమిటో నాకు చెప్పు అని అడుగు. తడబడితే మళ్లీ చదవమను. అక్షరం రాకపోయినా తల్లి చేయగలిగిన పని ఇది.

ప్రభువైన యేసు నజరేతు సమాజమందిరంలో లేచి నిలబడి, యెషయా గ్రంథం అందుకొని, చోటు వెదకి చదివాడు (లూకా 4:16-17). వడ్రంగి ఇంట పెరిగిన ఆ బాలునికి ఎవరో ఒకరు ఓపికగా అక్షరాలు నేర్పి ఉంటారు. మన లంకల్లోని బిడ్డలకు కూడా అలాంటి ఓపిక గలవారు ఒక్కొక్కరు దొరకాలని ప్రార్థిద్దాం. వచ్చే ఏప్రిల్ నాటికి మన సంఘంలో రెండో తరగతి ముగించే ప్రతి బిడ్డా ‘క్రీస్తు’ అన్న మాటను తనంతట తానే చదివేలా పూనుకుందాం.