చుక్క కారే చోటే మురుగు చొరబడుతుంది
వానలకు ముందే ఇంటి గొట్టాలు, బోరింగు, నుయ్యి చూసుకోండి

తొలకరి దగ్గర పడుతోందంటే రైతు ముందుగా విత్తనం చూసుకుంటాడు. గట్లు చూసుకుంటాడు. ఇంటి పెంకులు సర్దించుకుంటాడు. పెరట్లో కారుతున్న కుళాయి జోలికి మాత్రం పోడు. "చుక్క నీరే కదా, ఏటవుతాది?" అని వదిలేస్తాడు.

చుక్క నీరు పోతే నష్టం కొంచెమే. కానీ ఆ చుక్క బయటికి వచ్చిన సందులోంచే మురుగు లోపలికి పోతుంది. అసలు నష్టం అక్కడుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో వానలు మొదలవగానే వాంతులు, విరేచనాలు పెరగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఒక మనిషి మంచాన పడితే ఉడుపులు ఆగిపోతాయి, కూలి పోతుంది, ఆసుపత్రి ఖర్చు మీద పడుతుంది. ఒక టీ డబ్బులతో వచ్చే వాషరు వేయకపోవడం వల్ల ఇంత జరగవచ్చు.

మురుగు లోపలికి ఎలా వెళ్తుంది?

పల్లెల్లో కుళాయి రోజంతా రాదు. పూటకు కాసేపు వచ్చి ఆగిపోతుంది. నీరు వస్తున్నంతసేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. సందు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది. సరఫరా ఆగాక గొట్టంలో మిగిలిన నీరు పల్లానికి జారిపోతుంది. అప్పుడు గొట్టం బయట ఉన్నదాన్ని లోపలికి లాక్కుంటుంది. కొబ్బరిబొండంలో గొట్టం పెట్టి పీల్చినట్టే అనుకోండి. పగిలిన చోట మురుగు కాలువ నీరు నిలిచి ఉంటే లోపలికి వచ్చేది ఆ మురుగే. మర్నాడు పొద్దున్న పట్టే మొదటి బిందెలో ఉండేదీ అదే.

కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవారున్నారు. దీనివల్ల పక్కింటికి నీరు అందకపోవడం ఒక్కటే కాదు, వీధి గొట్టంలో ఎక్కడ సందు ఉన్నా మురుగు మరింత జోరుగా లోపలికి వస్తుంది. లాగినవారి ఇంటికీ వచ్చేది ఆ నీరే.

ఇంకో అలవాటు ఉంది. కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి దాని కొస గోలెంలో ముంచి వదిలేస్తాం. సరఫరా ఆగినప్పుడు గోలెంలోని నీరు వెనక్కి, వీధి గొట్టంలోకి పోవచ్చు. పశువులు మూతిపెట్టిన గోలెమైతే చెప్పనక్కర్లేదు. గొట్టం కొస ఎప్పుడూ నీటికి జానెడు పైన ఉండాలి.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. ఎంతోమంది మంచాన పడ్డారు, ప్రాణాలు పోయాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ నెలలోనే ఊరికి వచ్చారు. తాగునీరు, మురుగు, పారిశుద్ధ్యం గురించి అప్పుడు జిల్లా అంతా మాట్లాడుకుంది. ఆ మాటలు ప్రతి ఏడూ వానలకు ముందు గుర్తు చేసుకోవాల్సినవి.

పాత ఇళ్లలో ఎక్కడ చూడాలి?

30, 40 ఏళ్ల కిందట కట్టిన ఇళ్లలో ఇనుప గొట్టాలున్నాయి. వాటిని లోపలినుంచి తుప్పు తింటుంది. పొద్దున్న మొదట వచ్చే నీరు ఎర్రగా ఉంటే గొట్టం పని అయిపోవస్తోందని అర్థం. ముందుగా దెబ్బతినేవి మరలు తిరిగిన చోట్లు, అంటే మోచేతి వంపులు, అతుకులు. పాత ఇనుప గొట్టానికి కొత్త ప్లాస్టిక్ పైపు కలిపిన చోటు మరీ బలహీనం. చేత్తో తడిమి చూడండి. చెమ్మ తగిలితే అక్కడ సందున్నట్టే.

పీవీసీ పైపుకు తుప్పు పట్టదు కానీ ఎండ పడదు. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పెళుసుబారి, గేదె కాలు తగిలినా పగులుతుంది. నేలమీద పరచిన పైపును అడుగున్నర, రెండడుగుల లోతున పూడ్చండి. గోడమీద ఉన్నదానికి రంగు వేయించండి. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన 4985 అంకె ఉన్నాయేమో చూడండి. అది తాగునీటి పీవీసీ పైపుల ప్రమాణం.

అన్నిటికన్నా ముఖ్యం, మీ ఇంటి గొట్టం మురుగు కాలువలోంచి పోతోందేమో చూసుకోవాలి. సందు ఇరుకని చాలాచోట్ల కాలువలోనే పైపు వేసేశారు. వీలైతే దారి మార్పించండి. కాలువను దాటక తప్పకపోతే పైపు పైనుంచి పోవాలి. దానికి తొడుగుగా మరో పెద్ద గొట్టం ఉండాలి.

కనబడని లీకును పట్టడం ఇలా

ఇంటి మీద ట్యాంకు ఉన్నవారు రాత్రి పడుకునేముందు కుళాయిలన్నీ కట్టేయండి. ట్యాంకులో కర్ర నిలువుగా దించి నీరు ఎంతవరకు ఉందో గుర్తు పెట్టండి. పొద్దున్న ఎవరూ నీరు వాడకముందే మళ్లీ చూడండి. మట్టం తగ్గితే ఎక్కడో కారుతోంది. ట్యాంకు లేనివారు పెరడు చూడండి. ఎండాకాలంలో ఒక్కచోటే గడ్డి పచ్చగా ఉన్నా, ఒక్కచోటే నేల చెమ్మగా ఉన్నా కింద గొట్టం కారుతున్నట్టే.

కారే కుళాయి కింద గంటసేపు చెంబు పెట్టండి. గంటకు లీటరు పడితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు. 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు కుళాయి ద్వారా అందాలి. అంటే ఇంట్లో ఒక మనిషి వాటాలో దాదాపు సగం మట్టిపాలవుతోంది.

బాగుచేసేటప్పుడు ముందు గేటు వాల్వు కట్టాలి. కుళాయి తల విప్పి అరిగిన వాషరు తీసి, అదే కొలత వాషరు వేయాలి. మరల దగ్గర కారితే విప్పి, శుభ్రంగా తుడిచి, తెల్ల టేపు మర తిరిగే వైపుకే చుట్టి బిగించాలి. పీవీసీ పగిలితే పగిలిన ముక్క కోసి తీసేసి, కొత్త ముక్కను సొల్యూషన్‌తో అతకాలి. పగులుమీద సైకిల్ ట్యూబు, గుడ్డపీలిక కట్టడం ఆ పూటకే. గుడ్డ దగ్గర మురికి చేరి లోపలికి పోయే దారి అలాగే ఉంటుంది.

బోరింగు, నుయ్యి

వీధిలో పొడవాటి పిడి ఉన్న బోరింగు ఇండియా మార్క్-2 రకం. 1970లలో యూనిసెఫ్ సాయంతో మన దేశంలోనే తయారైంది. దీనికి కావలసింది గొలుసుకు గ్రీజు, బోల్టుల బిగింపు. చాలాసార్లు కొడితే గాని నీరు రావడం లేదంటే కింద వాల్వు పోయి ఉండొచ్చు, లేదా లోపలి గొట్టానికి సందు పడి ఉండొచ్చు. పంచాయతీకి అప్పుడే చెప్పండి. పూర్తిగా ఆగేదాకా చూడొద్దు.

బోరింగు కన్నా దాని గట్టు ముఖ్యం. సిమెంటు గట్టు పగిలితే అక్కడ గిన్నెలు తోమిన నీరు, పశువులు కడిగిన నీరు గొట్టం పక్కనుంచి కిందికి దిగుతుంది. పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి. వాడిన నీరు నిలవకుండా కాలువ తీయాలి.

పెరట్లో ఉండే చిన్న చేతిపంపు పీల్చే రకం. సుమారు 22 అడుగుల లోతు దాటితే అది నీరు ఎత్తలేదు. లోపలి తోలు వాషరు ఎండిపోతే నీళ్లు పోసి కొడతాం. ఆ పోసే నీరు గుంట నీరు, గెడ్డ నీరు కాకూడదు. మీరు పోసినదే మళ్లీ బిందెలోకి వస్తుంది. పంపు పక్కన ఒక సీసాతో మంచినీరు మూతపెట్టి ఉంచండి.

నూతిలో బ్లీచింగు పౌడరు చేతికొద్దీ చల్లేస్తే లాభం లేదు. లెక్క ఉంది. నుయ్యి వెడల్పును అడుగుల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించండి. దాన్ని నీటి లోతుతోనూ, మళ్లీ 22తోనూ గుణిస్తే లీటర్లు వస్తాయి. 5 అడుగుల వెడల్పు, 10 అడుగుల నీరు ఉంటే 5×5×10×22, అంటే 5,500 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగు చొప్పున ఈ నూతికి సుమారు 14 గ్రాములు కావాలి. బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, మరికొంత నీరు పోసి తేర్చండి. అడుగున దిగిన సున్నం వదిలి, పైతేట మరో బకెట్టులోకి వంచి, దాన్ని నూతిలోకి దించి కలియబెట్టండి. గంట ఆగాక నీరు వాడుకోవచ్చు. మూత తీసి ఉంచిన పాత పౌడరుకు శక్తి ఉండదు. వరద నీరు కలిసిన నూతికి ఈ కొలత చాలదు, ఆరోగ్య సిబ్బందిని పిలవాలి.

పొలం మోటారుకూ ఇదే సూత్రం

నూతి మీద మోటారు ఉన్నవారు సాయంత్రం ఆపాక, పొద్దున్న నీరు పోసే బిరడా తీసి చూడండి. నీరు పైదాకా ఉంటే సరే. దిగిపోతే ఫుట్‌వాల్వు తోలు అరిగింది, లేదా పీల్చే గొట్టానికి సందు పడింది. ఆ సందులోంచి గాలి లాగుతుంది, నీరు తగ్గుతుంది, కరెంటు మాత్రం అంతే కాలుతుంది. నీరు లేకుండా తిరిగితే మోటారు దెబ్బతింటుంది. గ్లాండు దగ్గర అప్పుడో చుక్క అప్పుడో చుక్క పడటం మామూలే, ధారగా కారితే తాడు మార్పించాలి. మెయిన్ స్విచ్చి తీయకుండా, తడి చేతులతో మోటారు జోలికి పోవద్దు.

ఎప్పుడెప్పుడు చూసుకోవాలి?

చలిదేశాల్లో చలికాలానికి ముందే ఇంటి గొట్టాలు సరిచూసుకుంటారు. నీరు గడ్డకడితే తొమ్మిదో వంతుకు కాస్త తక్కువగా ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి గొట్టం పగులుతుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో చలిగాలులకు వేల ఇళ్లలో గొట్టాలు పగిలాయి. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు, అడిగితే చెబుతారు. మనకు గడ్డకట్టే చలి లేదు. మన గొట్టాలకు శత్రువులు ఎండ, వాన, తుపాను. కాబట్టి మన లెక్క వేరు.

రోహిణి కార్తెలో ఒకసారి చూడండి. ఎండకు పగిలినవి, తుప్పు పట్టినవి అప్పుడే బాగుచేయించాలి. తొలకరి పడ్డాక రెండోసారి చూడండి. కాలువలు నిండినప్పుడు ఏ గొట్టం మునుగుతోందో తెలుస్తుంది. హస్త కార్తెలో మూడోసారి, తుపాన్లకు ముందు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆగిపోయాయి. అలాంటప్పుడు పనికొచ్చేది చేతిపంపే. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి మూత తాడుతో కట్టండి, బిందెలు నింపి మూతలు పెట్టండి.

అనుమానం వస్తే

కుళాయి నీరు వాసన వచ్చినా, రంగు మారినా మీ ఒక్క ఇంటికే అని ఊరుకోవద్దు. పక్కింట్లో అడగండి. రెండిళ్లలోనూ అలాగే ఉంటే వీధి గొట్టం పగిలినట్టు. పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా విభాగానికి చెప్పి నీరు పరీక్ష చేయించండి. చిన్న సీసాలో నీరు పోసి ఉంచితే మురుగు కలిసిన నీరు ఒకటి రెండు రోజుల్లో నల్లబడే పరీక్ష ఉంది. ఫలితం వచ్చేదాకా నీరు తెర్లనిచ్చి, చల్లార్చి తాగండి. నీరు తేటగా ఉందని నమ్మొద్దు, రోగక్రిమి కంటికి కనబడదు.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. పసిపిల్లలు, ముసలివారు నీరసించినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి వస్తే ఆశా కార్యకర్తకు అదే పూట చెప్పండి. ఆ వీధి గొట్టం ఎక్కడ కారుతోందో అదే పూట వెతకాలి.