ఆకాశవాణి గృహోపదేశములు : హాస్యము, పునరుక్తి

ఆలంకారికులు ఉపదేశమును మూడు విధములుగా విభజించిరి. ప్రభువువలె శాసించునది మొదటిది, మిత్రునివలె బోధించునది రెండవది, కాంతవలె సరసముగ ఒప్పించునది మూడవది. వేదము, పురాణము, కావ్యము క్రమముగా వీనికి ఉదాహరణములు. ఇత్తడి బిందెను ఎట్లు తోమవలెను, బియ్యమునకు పురుగు పట్టకుండ ఏమి వేయవలెను అను ప్రశ్నలకు మమ్మటుని గ్రంథమున చోటు లేదు. ఉండవలసిన పనియు లేదు. కాని ఇరువదవ శతాబ్దమున రేడియో యంత్రము ఇండ్లలో ప్రవేశించి ఇట్టి ప్రశ్నలకు సమాధానములు చెప్పబూనినప్పుడు ఆ ప్రాచీన విభాగమే మరల మన ముందునకు వచ్చినది. కనబడని ఒక కంఠము పరాయి ఇంటి వంటగదిలోనికి వచ్చి ఇల్లాలికి ఇంటిపని నేర్పుట ఎట్లు? ప్రభువువలెనా, మిత్రునివలెనా?

రేడియో గృహోపదేశములలోని హాస్యమును శ్రోతలకు విసుగు పుట్టకుండుటకై చల్లిన పన్నీరుగా మాత్రమే ఎంచుట పరిపాటి. మా అభిప్రాయము వేరు. ఆ హాస్యము పునరుక్తిని భరింపజేయు సాధనము. కావ్యమున పునరుక్తి దోషము. చెవికి మాత్రమే ఆధారపడిన ఉపదేశమునకు అది ప్రాణము. ఒకే మాటను మూడుమార్లు వినిపించియు మూడుమార్లు విన్నట్లు తోపనీయకుండుటయే అచ్చట హాస్యము చేయు పని.

ఈ విచారణకు పత్తర్‌గట్టిని ఆధారస్థానముగా గ్రహించితిమి. 1908 నాటి మూసీ వరద పిమ్మట, మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనమున, నగరాభివృద్ధి సంఘము చార్‌కమాన్ నుండి మదీనా కూడలి వైపునకు రాతి కమానులతో తీర్చిన బజారు ఇది. పత్తర్ అనగా రాయి అని ఉర్దూ ఎరుగనివారికిని తెలియును. ‘గట్టి’ మాత్రము తెలుగు చెవికి తెలుగుగానే వినబడును. రాతి కట్టడమును చూచినవారికి ఆ అర్థమును కాదనబుద్ధి పుట్టదు. ముత్యములు, అత్తరులు, వస్త్రములు ఇచ్చటి ముఖ్య వ్యాపారములు. గృహోపదేశములు వేనిని కాపాడుమని చెప్పునో ఆ వస్తువులు అమ్ముడుపోవు వీథి ఇది. కమానుల క్రింది దుకాణములలో రేడియో మ్రోగుచుండగా, బేరము లేని మధ్యాహ్నవేళ నలుగురు చేరి వినుచుండెడివారని పాతతరము వర్తకులు చెప్పుదురు. స్త్రీలకై ఉద్దేశింపబడిన ప్రసంగమును పురుషులు శ్రద్ధగా వినుట చిత్రమే. ఆవకాయకు బూజు పట్టకుండ చేయు విధము ఆ వీథిలో ఎందరు పురుషులకు తెలిసియుండెనో లెక్కింపజాలము.

హైదరాబాదున రేడియో చిరాగ్ అలీ వీథిలో చిన్న కేంద్రముగా మొదలై, 1935లో నిజాము ప్రభుత్వము చేతికి వచ్చి దక్కన్ రేడియో అయినది. 1950 ఏప్రిల్ 1వ తేదీన అఖిల భారత రేడియోలో చేరినది. తెలుగు ప్రసారములకు మదరాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ఏర్పడినవి. మూడు కేంద్రములకును ఒక సమస్య సమానము. అవి ప్రభుత్వ సంస్థలు. కనుక వాని సహజ కంఠము ప్రభుకంఠమే. “గృహిణులు ఆహారధాన్యములను పొదుపుగా వాడవలెను” అనుట సులభము. 1965లో ధాన్యపు కొరతనాడు ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి వారమునకు ఒక పూట భోజనము మానుడని కోరినప్పుడు ఆ కంఠమే తగినది. అది ఒకే మాట, గంభీరమైన మాట, జ్ఞాపకముంచుకొనుటకు కష్టము లేనిది. చింతపండెంత, ఉప్పెంత, నీరెంత అని చెప్పునప్పుడు గాంభీర్యము అక్కరకు రాదు.

పత్రికకును రేడియోకును గల భేదము ఇచ్చటనే ఉన్నది. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దముల పాటు నడిపిన ‘ప్రమదావనము’ను చదివిన పాఠకురాలు మరచినచో పుటను మరల తిప్పవచ్చును, కత్తిరించి పెట్టెలో దాచుకొనవచ్చును. రేడియో శ్రోతకు ఆ వెసులుబాటు లేదు. ఆమె చేతులు పిండిలో ఉండును. కాగితము వెదకులోపల మాట గడచిపోవును. మరల అడుగుటకు అవతల మనిషి లేడు. కనుక చెప్పువాడే శ్రోత పక్షమున మరల అడుగవలెను. ఏకకంఠ ప్రసంగమున ఇది సాధ్యము కాదు. “మరల చెప్పుచున్నాము” అని ఒకమారు అనవచ్చును. రెండవమారు అన్నచో ఇల్లాలు మీట త్రిప్పివేయును. కావుననే రెండవ పాత్ర పుట్టినది. ఆ పాత్ర తెలివి తక్కువది కావలెను, లేకున్న మరల అడుగదు. తెలివితక్కువ పాత్ర వచ్చినచోట హాస్యము తానై వచ్చును.

అన్యదేశములలోను ఇదియే క్రమము కానవచ్చును. అమెరికా వ్యవసాయశాఖ 1926లో ‘ఆంట్ శామీ’ అను పిన్నమ్మ పాత్రను కల్పించి గృహిణులతో ముచ్చటలాడించినది. విశేషమేమనగా ఆమె ఒక్కతె కాదు. ఒకే వ్రాతప్రతిని వేర్వేరు కేంద్రములలో వేర్వేరు స్త్రీలు తమతమ ప్రాంతపు యాసలలో చదివెడివారు. ప్రభుత్వోపదేశము పొరుగింటి పిన్నమ్మ వేషము వేసికొనుటకు ఇది స్పష్టమైన నిదర్శనము. ఇంగ్లండున యుద్ధకాలమున, 1940లో, బి.బి.సి. ప్రారంభించిన ‘కిచెన్ ఫ్రంట్’ ప్రాతఃకాల ప్రసారమున ఎల్సీ వాటర్స్, డోరిస్ వాటర్స్ అను అక్కచెల్లెండ్రు గెర్ట్, డైసీ అను పేర్లతో రేషను సరకులతో వంట ఎట్లు చేయవలెనో కబుర్లుగా చెప్పిరి. వారి పరిహాసమునకు గురియైనవారు ఎప్పుడును ప్రసారమునకు రాని తమ ఇంటి పురుషులు. ఈ రీతి ఎంత స్థిరపడెననగా, దానిని వెక్కిరించుటయు ఒక వినోదమైనది. అమెరికాలో బాబ్, రే అను హాస్యజంటలోని రే గోల్డింగ్ స్త్రీకంఠముతో మేరీ మెగూన్ అను గృహోపదేశకురాలిగా మారి, గడ్డకట్టించిన అల్లపు సోడాతో పచ్చడికూరల వంటకము వంటి పాకములు వర్ణించెడివాడు.

తెలుగున ఈ మార్గము మొదట పల్లెశ్రోతల ప్రసారములలో వెలసినది. ప్రయాగ నరసింహశాస్త్రి ‘బావగారి కబుర్లు’ అను పేరే చాలును. బావ అనువానికి మన సంఘమున పరిహాసాధికారము సహజము. ఉపదేశము చేసినను తప్పుపట్టువారు లేరు. హైదరాబాదు కేంద్రపు కార్మికుల కార్యక్రమమున రతన్‌ప్రసాద్ చిన్నక్కగాను, వి. సత్యనారాయణ ఏకాంబరముగాను, డి. వెంకట్రామయ్య రాంబాబుగాను శ్రోతలకు ఇంటివారైరి. అసలు పేర్లు ఎరుగనివారికిని ఈ పేర్లు తెలియును. పుస్తకభాష విడిచి నిత్యవ్యవహార భాషలో సాగిన సంభాషణ అది. ‘అక్క’ అనుటతోనే ప్రభుకంఠము తొలగినది.

ఇక పునరుక్తి పనిచేయు విధమును ఒక ఉదాహరణముతో చూపుదుము. ఇది ప్రసారితమైన సంభాషణ కాదు. లక్షణనిరూపణకై పత్తర్‌గట్టి ముత్యములను, అచ్చటి తెలుగును దృష్టియందుంచుకొని మేము కల్పించినది.

“వదినా! చింతపండు వెట్టి తోమితే ఇత్తడి బిందె బంగారమోలె మెరిసింది. గదే చేత్తోని నీ ముత్యాల దండ గూడ తోమిన.”

“అయ్యో మరిదీ, కొంప ముంచినవ్! ముత్యమంటే సున్నపు జాతి. పులుపు దాన్ని తింటది.”

“గట్లనా? అయితే చింతపండు వద్దు. నిమ్మకాయ వెడత.”

“నిమ్మకాయ తీపి ఉంటదా? గదీ పులుపే.”

“సరె సరె. పుల్లటి మజ్జిగల నానవెడత.”

“పుల్లటిదని నువ్వే అంటున్నవ్, మళ్ల నన్నడుగుతవ్!”

“మరి దేనితోని తుడవాలె?”

“మెత్తటి తడిగుడ్డతోని తుడిచి నీడకు ఆరబెట్టు. ఎండకు గాదు.”

దీనినే ప్రభుసమ్మితముగా చెప్పిన “ముత్యములను ఆమ్లపదార్థములతో శుద్ధి చేయరాదు” అని ఒక్క వాక్యమగును. వాక్యము నిర్దుష్టము, కాని విన్న పది నిమిషములకు ‘ఆమ్లపదార్థములు’ అను మాట జారిపోవును. సంభాషణలోనో, పులుపు ముమ్మారు వచ్చినది. వచ్చిన ప్రతిమారు కొత్త వస్తువుతో వచ్చినది. అందుచే శ్రోతకు మిగిలినది నిషిద్ధవస్తువుల పట్టిక కాదు, సూత్రము. చింతపండులోని ఆమ్లము ఇత్తడిపై పట్టిన కిలుమును కరగించును. అదే ఆమ్లము ముత్యమునందలి సున్నపు పదార్థమును కరగించి నిగ్గును హరించును. ఒకచోట మేలు చేసిన గుణమే వేరొకచోట కీడు చేయుటను మరిది మూర్ఖత్వము బోధించినది. అతడు అడుగనిదే వదిన చెప్పవలసిన పని లేదు. అంతేకాక మూడవ ప్రశ్నకు వదినకంటె ముందే శ్రోత ‘పులుపు’ అని తనలో అనుకొనును. ఆ క్షణమున ఆమె వినుట మాని చెప్పుట ప్రారంభించినది. సందర్భవిశేషమున దోషము గుణమగునని ఆలంకారికులు అంగీకరించిరి. ఆ జాబితాలో దీనిని చేర్చుట సాహసము కాదని తలంతుము.

అయితే ఆ మూర్ఖపాత్రను ఎవరికి ఇచ్చితిమన్నది చిన్న ప్రశ్న కాదు. మేము మరిదికి ఇచ్చితిమి. కొత్తకోడలికో, పల్లెనుండి వచ్చిన పనిమనిషికో ఇచ్చినచో ఉపదేశము మారదు; నవ్వు మారును. ఏ ఇల్లాలికి నేర్పదలచితిమో ఆమెనే నవ్వులపాలు చేసినచో మిత్రసమ్మితము పోయి అత్తసమ్మితమగును. ఆలంకారికులు చెప్పని ఈ నాల్గవ విధము మన ఇండ్లలో మిక్కిలి ప్రసిద్ధము. యాస విషయమున ప్రమాదము మరింత ఎక్కువ. తెలంగాణపు పలుకుబడిని మూర్ఖునికి మాత్రమే కట్టబెట్టి, తెలివైన పాత్రచేత పుస్తకభాష పలికించు అలవాటు నాటకములందును చలనచిత్రములందును విరివిగా ఉండినది. పై సంభాషణలో ఇరువురకును ఒకే యాస ఉంచుటకు కారణమిదే. ఒక పాత గృహోపదేశ సంభాషణ దొరకినప్పుడు పరిశోధకుడు మొట్టమొదట చూడవలసినది తప్పు ఎవరిచేత చేయింపబడినది, ఏ భాషలో చేయింపబడినది అనునదే.

దొరకుటయే కష్టము. ఇట్టి ప్రసారములలో పెక్కు ఏనాటికానాడు గాలిలో కలిసినవి. టెలివిజను వచ్చిన పిమ్మట చేయి కనబడుటచే మాట పునరుక్తము కావలసిన అవసరము తగ్గినది. దానితో రెండవ పాత్రయు తప్పుకొన్నది. మిగిలినవి శ్రోతల జ్ఞాపకములు. విద్యార్థులు వానిని సేకరించునప్పుడు, చిట్కా నమోదు చేసి హాస్యమును ‘అప్రస్తుతము’ అని విడిచిపెట్టుచున్నారు. బియ్యములో వేపాకు వేయవలెనను సంగతి ఏ ముసలమ్మ నడిగినను తెలియును. దానికి రేడియో అక్కరలేదు. ఆ వేపాకు ప్రక్కన ఏకాంబరము వంటివాడు ఏమి అడిగెను, ఎన్నిమార్లు అడిగెను, విన్నవారు ఎచ్చట నవ్విరి అనునవి వ్రాసికొనవలసినవి. ముందుగా ప్రశ్నలు వ్రాసికొని, సమాధానములు తరువాత అడుగుట మేలు. ప్రశ్న జ్ఞాపకమున్న శ్రోతకు సమాధానము తానై వచ్చును.